మెమో అందిన రోజు నుంచి: నర్సుగా మీపై వచ్చిన ఆరోపణను ఎలా ఎదుర్కోవాలి

డ్యూటీ ముగించుకుని బయలుదేరుతుండగా సూపరింటెండెంట్ గదికి రమ్మని కబురు వస్తుంది. అక్కడ మీ చేతికి ఒక కవరు ఇస్తారు. ఫలానా తేదీ రాత్రి విధుల్లో నిర్లక్ష్యం వహించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోకూడదో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసినదని అందులో ఉంటుంది. చదువుతుండగానే అరచేతులకు చెమట పడుతుంది. రెండో పేరా కంటికి ఆనదు.

స్టాఫ్ నర్సుగా ఉన్నప్పుడు అలాంటి కవరు నేనూ అందుకున్నాను. తరవాతి ఏళ్లలో విచారణ కమిటీ సభ్యురాలిగా బల్లకు అటువైపు కూడా కూర్చున్నాను. నా కళ్లెదుట రిజిస్ట్రేషన్ (నర్సుగా పనిచేసే అర్హత) పోగొట్టుకున్న వాళ్లలో ఎక్కువమందిని ముంచింది మందు పొరపాటు కాదు, మరచిపోయిన రౌండూ కాదు. ఆ తరవాత కేస్ షీటులో దిద్దిన ఒక్క అంకె వాళ్లను ముంచింది. అందుకే ఇది రాస్తున్నాను. మీ దేశపు చట్టం, మీ నర్సింగ్ కౌన్సిల్ నియమాలు వేరుగా ఉండవచ్చు. ఇక్కడ చెప్పే క్రమం మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

కవరు చేతిలో పడ్డ తొలి గంట

కవరు తీసుకోను అనకండి. తీసుకుని, "అందుకున్నాను" అని రాసి, తేదీ, సమయం వేసి సంతకం చేయండి. ఆ సంతకం కాగితం అందిందని మాత్రమే చెబుతుంది, తప్పు ఒప్పుకున్నట్టు కాదు. అక్కడికక్కడే "ఒక లైను రాసి ఇచ్చేయమ్మా, అయిపోతుంది" అని ఎవరైనా అంటే, అది ఆప్యాయతతో అన్నదే అయినా సరే, "చదివి లిఖితపూర్వకంగా ఇస్తాను" అని చెప్పి బయటికి రండి. వేరొకరు రాసిపెట్టిన వాంగ్మూలం మీద, ఖాళీ కాగితం మీద ఎట్టి పరిస్థితుల్లోనూ సంతకం పెట్టకండి.

ఇంటికి చేరాక మూడు విషయాలు చూడండి: గడువు ఎప్పటికి, సంతకం ఎవరిది, ఆ కాగితం పేరేమిటి. పేరు ముఖ్యం. మెమో అంటే వివరణ అడుగుతున్నారు. షోకాజ్ నోటీసు అంటే చర్య తీసుకునే ఆలోచన ఉంది, మీ మాట వినాలనుకుంటున్నారు. అభియోగ పత్రం వచ్చిందంటే విచారణ మొదలైనట్టే. విచారణ ముగిసేదాకా సస్పెన్షన్ అని ఉంటే అది శిక్ష కాదు, తాత్కాలిక ఏర్పాటు. దాన్ని తీర్పుగా భావించి కుంగిపోయిన వాళ్లను చూశాను. గడువు చాలదనిపిస్తే అది ముగియకముందే, కారణం చూపిస్తూ, రాతపూర్వకంగా పొడిగింపు అడగండి.

ఆవేశంలో రాజీనామా రాయకండి. రాజీనామాతో ఉద్యోగం మాత్రమే ముగుస్తుంది. కౌన్సిల్‌కు ఫిర్యాదు వెళ్లి ఉంటే అది చాలా దేశాల్లో ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, పైగా మీరు పారిపోయారన్న అభిప్రాయం మిగులుతుంది.

మెమో ఇంకా రాలేదు, పొరపాటు ఈ రాత్రే జరిగింది అనుకుందాం. అప్పుడు రోగి తప్ప ఇంకేదీ ముఖ్యం కాదు. డాక్టరును పిలవండి, ఏ మందు ఎంత వెళ్లిందో దాచకుండా చెప్పండి, రోగి కుదుటపడే వరకు పక్కనే ఉండండి. ఇన్‌ఛార్జికి చెప్పి, ఘటన నివేదిక రాయండి. అందులో జరిగింది మాత్రమే ఉండాలి. ఎవరి తప్పో తేల్చడానికి అది చోటు కాదు. కేస్ షీటులో రోగికి సంబంధించిన వివరాలు, ఇచ్చిన చికిత్స రాయండి. ఘటన నివేదిక పంపానన్న మాట అందులోకి రానక్కర్లేదు.

రికార్డును ముట్టుకోకండి

ఈ ఒక్క విషయం మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. రాత్రి డ్యూటీలో ఒక రోగికి గుండె ఆగి, మేమందరం ఆ మంచం చుట్టూ ఉన్నాం. ఆ హడావిడిలో నాలుగు పడకల అవతల ఉన్న మరో రోగికి 2 గంటలకు చూడవలసిన బీపీ చూడలేదు. తెల్లవారుజామున చార్టు తీస్తే 10 గంటల గడి నిండి ఉంది, 6 గంటల గడి నింపుతున్నాను, మధ్యలో 2 గంటల గడి తెల్లగా ఉంది. నాకంటే పెద్దామె, మంచి మనిషి, భుజం మీదుగా చూసి, "120/80 వేసెయ్, రోగి బాగానే ఉన్నాడుగా" అంది. పెన్ను ఆ గడి మీదికి వెళ్లింది కూడా. వేయలేకపోయాను. ధైర్యంతో ఆగానని చెప్పుకోను, చేయి వణికింది, అంతే. ఆ గడిని అలాగే వదిలేసి, కింద నోట్స్‌లో ఉదయం 6:20 అని సమయం వేసి, "2 గంటల బీపీ నమోదు కాలేదు, ఆ సమయంలో 11వ పడక వద్ద అత్యవసర చికిత్సలో ఉన్నాను" అని రాశాను. వారం తరవాత మెమో వచ్చింది, ఆ రోగి కుటుంబం ఫిర్యాదు చేసింది. విచారణలో మొదటి ప్రశ్నే ఆ ఖాళీ గడి గురించి. 11వ పడక కేస్ షీటు తెప్పించి సమయాలు పోల్చారు. సరిపోయాయి. అదే గడిలో నేను 120/80 అని వేసి ఉంటే, 2 గంటలకు 11వ పడక దగ్గర ఛాతీ నొక్కుతున్నానని ఒక కాగితం, నాలుగు పడకల అవతల బీపీ చూస్తున్నానని మరో కాగితం చెప్పేవి. ఖాళీ గడికి హెచ్చరికతో సరిపెట్టారు. దొంగ అంకెకు అది సరిపోయేది కాదు.

రాయడం మరచిపోయిన విషయాన్ని తరవాత చేర్చవలసి వస్తే, ఆలస్యంగా చేస్తున్న నమోదు అని స్పష్టంగా రాసి, మీరు రాస్తున్న ఈనాటి తేదీ, సమయం వేసి, అప్పుడు విషయం రాయండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టండి. కింది అక్షరాలు కనబడాలి. పక్కన పొట్టి సంతకం, సమయం ఉండాలి. తెల్ల సిరా పూయడం, కాగితం చింపి కొత్తది పెట్టడం, మధ్యలో ఇరికించి రాయడం, ఇవన్నీ అనుమానానికి ఆహ్వానాలు. అయితే ఫిర్యాదు వచ్చిందని తెలిశాక నిజమైన నమోదు కూడా మీ అంతట మీరు చేర్చకండి. చెప్పదలచుకున్నది సంజాయిషీలో చెప్పండి.

కంప్యూటర్ రికార్డు ఉన్నచోట ఇది మరింత కఠినం. ఏ లాగిన్‌తో, ఏ నిమిషాన, ఏ పేజీ తెరిచారో, పాత అంకె ఏమిటో, కొత్తది ఏమిటో అంతా వెనకాల నమోదవుతూ ఉంటుంది. మార్చకుండా ఊరికే చూసినా గుర్తు ఉంటుంది. మీ కేసు గురించే అయినా, చికిత్సతో సంబంధం లేకుండా రోగి ఫైలు తెరవడం గోప్యత ఉల్లంఘన కింద రెండో అభియోగం కాగలదు. ఫోనులో ఫోటోలు తీసి దాచుకోవడమూ అంతే. కావలసిన ప్రతిని అడిగి తీసుకోవాలి, దాని సంగతి తరవాత చెబుతాను.

ఫిర్యాదు చేసినవారికి ఫోన్ చేసి బతిమాలకండి. సాక్షులుగా వచ్చే సహోద్యోగులతో, "మనం ఇలా చెబుదాం" అని మాట్లాడుకోకండి. వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం కూడా వద్దు. కడుపులో బాధ ఉంటుంది, ఇంట్లో ఒకరితో చెప్పుకోండి, రోగి పేరు మాత్రం అక్కడ కూడా రాకూడదు.

ఆ రాత్రే జ్ఞాపకాన్ని కాగితం మీద పెట్టండి

జ్ఞాపకం పాలలాంటిది, నిలవుంచితే విరుగుతుంది. మెమో అందిన రాత్రి, నిద్ర పట్టదు కాబట్టి, కూర్చుని రాయండి. ఇది ఎవరికీ ఇచ్చే కాగితం కాదు. మీకోసం, మీ న్యాయవాది కోసం.

ఒక ఉదాహరణ తీసుకుందాం, చివరిదాకా దాన్నే వాడుకుందాం. ఒక నర్సు ఇన్సులిన్ 4 యూనిట్లకు బదులు 40 యూనిట్లు ఇచ్చింది. డ్రగ్ చార్టులో 4 పక్కన యూనిట్లకు గుర్తుగా ఇంగ్లిష్ ‘యూ’ అక్షరం గుండ్రంగా రాసి ఉంది, అది సున్నాలా కనబడింది. ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే, మందుల ఆర్డరులో వాడకూడని సంక్షిప్తాల జాబితాలో ఆ అక్షరాన్ని చేర్చింది. పూర్తిగా యూనిట్లు అనే రాయాలి. ఆ నర్సు రాత్రి రాసుకునే కాగితం ఇలా ఉండాలి:

"8:10 హ్యాండోవర్. 22 మంది రోగులు, నేను, ఒక విద్యార్థిని. 9:30 9వ పడకకు ఇన్సులిన్ 40 యూనిట్లు ఇచ్చాను. మోతాదు రెండో మనిషితో సరిచూసుకోలేదు. ఎక్కువగా ఉందేమో అనిపించింది, డాక్టరును అడగలేదు. 11:50 రోగికి చెమటలు, మాట తడబాటు. షుగర్ 38. డాక్టరుకు ఫోన్. 11:58 డాక్టరు వచ్చారు, గ్లూకోజు ఎక్కించారు. 12:30 షుగర్ 112, మాట్లాడుతున్నారు. అప్పుడు చార్టు మళ్లీ చూసి 4 అని గ్రహించాను, డాక్టరుకు చెప్పాను."

"ఎక్కువగా ఉందేమో అనిపించింది, అడగలేదు" అన్న వాక్యం చూడండి. రాసుకోవడం అన్నిటికంటే కష్టమైన వాక్యం అది. రాసుకోకపోతే విచారణ గదిలో హఠాత్తుగా ఎదురై నోరు పెగలనివ్వదు. రాశాక ప్రతి వాక్యం పక్కన చూశాను, విన్నాను, అనుకున్నాను అని గుర్తు పెట్టండి. సంజాయిషీలోకి చూసినది ధైర్యంగా వెళ్తుంది, విన్నది ఎవరి ద్వారా విన్నారో చెప్పి వెళ్తుంది, అనుకున్నది అనుకున్నట్టే చెప్పి వెళ్తుంది.

మిమ్మల్ని ఎవరు విచారిస్తున్నారు

మిమ్మల్ని ప్రశ్నించే తలుపులు ఒకటి కాదు. ఆసుపత్రి యాజమాన్యం మీ ఉద్యోగం గురించి తేలుస్తుంది. నర్సింగ్ కౌన్సిల్ మీ రిజిస్ట్రేషన్ గురించి తేలుస్తుంది. పోలీసు కేసు, నష్టపరిహారం దావా వేరే దారులు. ఒకే ఘటన మీద ఇవన్నీ ఒకేసారి నడవవచ్చు, ఒకచోట చెప్పిన మాట మరోచోటికి ప్రయాణం చేస్తుంది. కాబట్టి ఏ కాగితం ఎవరికి వెళ్తోందో తెలుసుకుని రాయండి.

కౌన్సిల్ చూసే చూపు వేరు. 1901లో న్యూజిలాండ్ నర్సుల కోసమే ప్రత్యేకంగా జాతీయ రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చినప్పటి నుంచి రిజిస్టర్ ఉద్దేశం ఒక్కటే: ఈ పేరును నమ్మి రోగి తన ఒంటిని అప్పగించవచ్చా? అందుకే కౌన్సిల్ జరిగిన తప్పుతో పాటు రేపటిని కూడా అడుగుతుంది. ఈ మనిషి చేతిలో రేపటి రోగి క్షేమమేనా అని. ఈ ప్రశ్న మనసులో పెట్టుకుంటే, తరవాత ఏం రాయాలో చాలావరకు దానంతట అదే తెలుస్తుంది.

అభియోగాన్ని ముక్కలు చేయండి

అభియోగాలు తరచు ఒకే ఊపిరిలో రాసి ఉంటాయి. "రోగి పట్ల నిర్లక్ష్యంతో, ఉద్దేశపూర్వకంగా నిబంధనలు ఉల్లంఘించి, అధిక మోతాదులో ఇన్సులిన్ ఇచ్చి ప్రాణాపాయం కలిగించి, విషయాన్ని దాచారు." ఇందులో ఎన్ని ఆరోపణలు ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. నిర్లక్ష్యం, ఉద్దేశం, నిబంధన, మోతాదు, ప్రాణాపాయం, దాచడం. ఆరు. మన ఉదాహరణలోని నర్సు మోతాదు తప్పిందని ఒప్పుకోవాలి. రెండో మనిషి సరిచూడాలన్న నిబంధన ఉంటే అదీ ఒప్పుకోవాలి. ప్రాణాపాయం ఎంత అన్నది వైద్యుల మాటకు వదలాలి. ఉద్దేశాన్ని, దాచడాన్ని గట్టిగా కాదనాలి, 12:30కే డాక్టరుకు చెప్పిందన్న రుజువు చూపించాలి. మొత్తాన్ని ఒప్పుకుంటే చేయని నేరం మెడకు చుట్టుకుంటుంది. మొత్తాన్ని కాదంటే అబద్ధమాడినట్టు అవుతుంది. ఒక్కో ముక్కకు ఒక్కో జవాబు.

ఏ నియమం ఉల్లంఘించారంటున్నారో అభియోగంలో లేకపోతే అడగండి. ఏ విధానం, ఏ పేరా, అది ఎప్పటి నుంచి అమల్లో ఉంది, మీకు ఎప్పుడు తెలియజేశారు. వృత్తి నియమావళి అని మాత్రమే రాస్తే చాలదు. అంతర్జాతీయ నర్సుల మండలి నీతి నియమావళి 1953లో తొలిసారి వచ్చి, 2021లో కొత్తగా సవరణ పొందింది. దేశాల కౌన్సిళ్లకు వాటి సొంత నియమావళులు ఉంటాయి. ఏది చూపుతున్నారో చెప్పడం వాళ్ల బాధ్యత.

పొరపాటును, దుష్ప్రవర్తనను వేరు చేసి చూడటం మీరూ నేర్చుకోండి, కమిటీకీ గుర్తుచేయండి. 2001లో అమెరికా ఇంజనీరు, న్యాయవాది డేవిడ్ మార్క్స్ వైద్యరంగానికి పరిచయం చేసిన న్యాయమైన సంస్కృతి అనే ఆలోచన మూడు గదులు గీస్తుంది. చేయి జారిన మానవ పొరపాటుకు ఓదార్పు, పద్ధతి సరిదిద్దడం. ప్రమాదమని గుర్తించకుండా అలవాటైన దగ్గరిదారి పట్టినవారికి శిక్షణ. ప్రమాదం తెలిసి, లెక్కచేయకుండా చేసినవారికే శిక్ష. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ ప్రచారంలోకి తెచ్చిన ఇంకో పరీక్ష ఉంది: అదే చదువు, అదే అనుభవం ఉన్న మరో నర్సును అదే రాత్రి, అదే వార్డులో నిలబెడితే ఆమె కూడా అదే చేసి ఉండేదా? 22 మంది రోగులు, ఒకే నర్సు, సున్నాలా కనబడే అక్షరం. ఈ మూడూ విచారణ ఫైలులోకి చేరాలి. కమిటీలో కూర్చున్నప్పుడు నేను మొదట అడిగేది డ్యూటీ రోస్టరే. అది తెచ్చిన నర్సులు చాలా తక్కువమంది, అదే నా బాధ.

అన్నిటినీ పొరపాటు గదిలోకి నెట్టడం కూడా అన్యాయమే. రోగిని కొట్టడం, అవమానించడం, డబ్బు అడగడం, మత్తు ఇంజెక్షన్ పక్కదారి పట్టించడం, చూడని బీపీని చూసినట్టు రాయడం పొరపాట్లు కావు. అవి జరిగి ఉంటే ఈ వ్యాసంలోని మెలకువలు మిమ్మల్ని కాపాడవు, కాపాడకూడదు కూడా. ఒప్పుకోవడం ఒక్కటే దారి.

కాగితాలు అడగండి, తోడు తెచ్చుకోండి

రాతపూర్వకంగా అడగండి: ఫిర్యాదు ప్రతి, సాక్షుల వాంగ్మూలాలు, ఆ రోజు కేస్ షీటు, డ్రగ్ చార్టు, డ్యూటీ రోస్టర్, వార్డులోని రోగుల సంఖ్య, సంబంధిత విధాన పత్రం. అడిగిన లేఖ ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్నదే అప్పీలులో మీకు ఆధారం అవుతుంది. సహజ న్యాయంలో రెండు మాటలు ఎక్కడైనా నిలుస్తాయి: అవతలి పక్షం మాట వినకుండా తీర్పు చెప్పకూడదు, తన తగవుకు తానే తీర్పరి కాకూడదు. మీ మీద ఫిర్యాదు చేసిన ఇన్‌ఛార్జే విచారణాధికారి అయితే, మర్యాదగా, రాతలో, మొదట్లోనే అభ్యంతరం చెప్పండి. తీర్పు వచ్చాక చెబితే అది ఓడినవారి మాటలా వినిపిస్తుంది.

నర్సుల సంఘంలో సభ్యత్వం ఉంటే ఆ రోజే సంప్రదించండి. వృత్తి బీమా ఉంటే పాలసీ తీసి చూడండి, చాలా వాటిలో వెంటనే తెలియజేయాలన్న షరతు ఉంటుంది. విచారణకు తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చా అని అడగండి.

న్యాయవాది ఎప్పుడు కావాలన్నదానికి ఒక ఉదంతం చెప్పాలి. 2017 డిసెంబరులో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక నర్సు మిడజోలాం అనే మత్తుమందుకు బదులు కండరాలను స్తంభింపజేసే వెకురోనియం ఇచ్చింది. రోగి చనిపోయారు. ఆ నర్సు తన తప్పును వెంటనే చెప్పింది. 2021లో ఆమె లైసెన్సు రద్దయింది. 2022 మార్చిలో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. మే నెలలో జైలు లేకుండా మూడేళ్ల పర్యవేక్షణ శిక్ష పడింది. ఈ కేసు తెలిసిన ఎందరో నర్సులు ఇక నోరు విప్పకూడదనుకున్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, ఆ నిర్ణయంతో మాత్రం ఏకీభవించను. రోగి ప్రాణం కోసం డాక్టరుకు చెప్పవలసిన నిజానికి న్యాయవాది అనుమతి అక్కర్లేదు, ఒక్క నిమిషం ఆలస్యం కూడదు. అయితే రోగికి తీవ్రహాని జరిగినప్పుడు పోలీసులకో, కౌన్సిల్ విచారణాధికారికో వాంగ్మూలం ఇచ్చే ముందు న్యాయవాదితో మాట్లాడటం మీ హక్కు. 2024లో కెంటకీ రాష్ట్రం అనుకోకుండా జరిగే వైద్య పొరపాట్లను నేర విచారణ నుంచి తప్పించే చట్టం చేసింది. మీ చోట ఏముందో ఆ న్యాయవాదినే అడగండి.

సంజాయిషీ రాయడం

నా ముందుకు వచ్చిన సంజాయిషీల్లో చాలావాటి ధోరణి ఇది: "నేను పదేళ్లుగా చిత్తశుద్ధితో పనిచేస్తున్నాను. ఆ రోజు పని ఎక్కువ. డాక్టరు రాత అర్థం కాలేదు. కావాలని చేయలేదు. దయతో క్షమించగలరు." ఇందులో అబద్ధం లేదు. కానీ రోగి ఎక్కడ? చదివినవాళ్లకు ఈమె తన గురించే ఆలోచిస్తోందనిపిస్తుంది.

దాన్నే ఇలా రాయవచ్చు: "ఆ రాత్రి 9:30కి 9వ పడక రోగికి 4 యూనిట్లకు బదులు 40 యూనిట్ల ఇన్సులిన్ ఇచ్చాను. దానివల్ల వారి షుగర్ 38కి పడిపోయింది, వారు, వారి కుటుంబం భయాందోళనకు గురయ్యారు. ఇందుకు విచారిస్తున్నాను. మోతాదు ఎక్కువగా ఉందన్న సందేహం కలిగినా డాక్టరును అడగకపోవడం, రెండో వ్యక్తితో సరిచూడకపోవడం నా వైపు లోపాలు. చార్టులో యూనిట్లకు వాడిన అక్షరం సున్నాలా కనబడింది, ప్రతి జతచేశాను. ఆ రాత్రి వార్డులో 22 మంది రోగులకు నేను ఒక్కదాన్నే నర్సును, రోస్టర్ జతచేశాను. పొరపాటు గుర్తించిన వెంటనే 12:30కి డాక్టరుకు తెలియజేశాను. దాచాననే ఆరోపణను అంగీకరించను."

క్రమం గమనించండి. మొదట రోగి, తరవాత మీ లోపం, ఆ తరవాతే పరిస్థితులు. పరిస్థితులు ముందుకొస్తే సాకుల్లా వినిపిస్తాయి. విశేషణాలు తీసేయండి, సమయాలు ఉంచండి. ఇతరులను నిందించకుండానే వాళ్ల పాత్ర చెప్పవచ్చు, చార్టు ప్రతే చెబుతుంది. రాసినదాన్ని ఒక రాత్రి పక్కన పెట్టి, ఈ వృత్తితో సంబంధం లేని ఒకరికి పేర్లు తీసేసి చదివి వినిపించండి.

విచారణ తేదీ కోసం వేచి ఉండకండి

మారడం ఇప్పుడే మొదలుపెట్టండి. ఇన్సులిన్ వంటి ప్రమాదకర మందుల మీద శిక్షణకు వెళ్లండి, ధ్రువపత్రం ఉంచుకోండి. స్పష్టంగా లేని ఆర్డరును తిరిగి రాయించుకున్న సందర్భాలను తేదీతో, రోగి వివరాలు లేకుండా ఒక పుస్తకంలో రాసుకోండి. మీ పని దగ్గరగా చూసిన పెద్ద నర్సు నుంచి లేఖ తీసుకోండి. ఆ లేఖ రాసేవారికి మీ మీద ఉన్న ఆరోపణ తెలిసి ఉండాలి, లేకపోతే కమిటీ దానికి విలువివ్వదు. విచారణ రోజున, "ఇకపై జాగ్రత్తగా ఉంటాను" అనేవారికీ, "మార్చి నుంచి ఇన్సులిన్ మోతాదును ప్రతిసారీ ఇద్దరం చూస్తున్నాం, ఇదిగో నా పుస్తకం" అనేవారికీ ఉన్న తేడా గదిలో ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది.

పొరపాటు వెనక అనారోగ్యమో, మందుల వ్యసనమో, నిద్రలేమో ఉంటే, చికిత్సకు వెళ్లి ఆ సంగతి మీరే ముందుగా చెప్పడం మేలు. కొన్ని కౌన్సిళ్లు ఆరోగ్య కారణాలను దుష్ప్రవర్తన నుంచి వేరు చేసి చూస్తాయి, చికిత్సతో పాటు పనిలోకి తిరిగి రావడానికి దారి చూపుతాయి. బయటపడ్డాక చెబితే ఆ దారి ఇరుకవుతుంది.

విచారణ గదిలో

ప్రశ్న పూర్తయ్యే దాకా ఆగండి. అడిగినదానికే జవాబు చెప్పండి. మౌనాన్ని మాటలతో నింపాలన్న తొందర అందరికీ ఉంటుంది, అనవసరమైన మాటలన్నీ ఆ ఖాళీలోంచే దొర్లుతాయి. గుర్తు లేకపోతే గుర్తు లేదనండి. "సాధారణంగా అలా చేస్తాను" అన్నది "ఆ రోజు అలా చేశాను" కాదు, రెండింటినీ కలపకండి. ఏడుపు వస్తే విరామం అడగండి, ఎవరూ తప్పుపట్టరు. సాక్షిని ప్రశ్నించే అవకాశం ఇస్తే వాళ్లను అవమానించకుండా, ఏం చూశారు, ఎక్కడి నుంచి చూశారు అన్నవాటికే కట్టుబడండి. విచారణ నమోదు చదివి, తప్పులు దిద్దించాకే ప్రతి పేజీ మీద సంతకం చేయండి.

ఒకటి తెలిసి వెళ్లండి. సందేహానికి తావులేని రుజువు నేర న్యాయస్థానానికి కావాలి. యాజమాన్యానికి, చాలా కౌన్సిళ్లకు అంత అవసరం లేదు, జరగకపోవడం కంటే జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువ అనిపిస్తే చాలు. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ 2008 నుంచి ఈ కొలబద్దనే వాడుతోంది. కాబట్టి, "రుజువు లేదు కదా" అన్న ధీమాతో వెళ్లకండి.

ఉత్తర్వు వచ్చాక

తీర్పు వాక్యం ఒక్కటే చదివి మూసేయకండి. ఏ ముక్క రుజువైంది, ఏది కాలేదు, కారణాలేమిటి, అప్పీలు గడువు ఎంత అన్నవి చూడండి. బ్రిటన్‌లో కౌన్సిల్ నిర్ణయంపై ఉన్నత న్యాయస్థానానికి వెళ్లడానికి 28 రోజులే ఉంటుంది. అక్కడ శిక్షల మెట్లు హెచ్చరికతో మొదలై, షరతులతో పని, ఏడాది వరకు సస్పెన్షన్, చివరికి రిజిస్టర్ నుంచి పేరు తొలగింపు దాకా వెళ్తాయి. పేరు పోయినవారు తిరిగి దరఖాస్తు చేసుకోవాలంటే అయిదేళ్లు ఆగాలి. మీ కౌన్సిల్ మెట్లు ఇంతకు దగ్గరగానో దూరంగానో ఉంటాయి, ముందే చదివి పెట్టుకోండి. అప్పీలులో బాధ కాకుండా లోపం చూపించాలి: ఏ కాగితం ఇవ్వలేదు, ఏ సాక్షిని పిలవలేదు, ఏ నిర్ధారణకు ఆధారం లేదు, శిక్ష తప్పుకు ఎలా మించింది.

షరతులు విధిస్తే వాటి పక్కన తేదీలు వేసి గోడకు అంటించుకోండి. షరతు తప్పడం మొదటి తప్పు కంటే పెద్దదిగా లెక్కకొస్తుంది. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఫారంలో, కొత్త ఉద్యోగ దరఖాస్తులో గతంలో క్రమశిక్షణ చర్య ఏదైనా ఉందా అని అడిగితే, ఉంది అని రాసి, ఉత్తర్వు ప్రతి, ఆ తరవాత చేసిన శిక్షణ వివరాలు జతచేయండి. లేదు అని రాసి ఆ అబద్ధం దగ్గర దొరికిపోయిన వాళ్ల ఫైళ్లు నేను చూశాను. పాత తప్పు హెచ్చరికతో పోయినదే.

తిరిగి డ్యూటీలో చేరిన మొదటి రాత్రి చేతులు వణుకుతాయి, ప్రతి ఆంపూలు నాలుగుసార్లు చదువుతారు. ఆ రాత్రి మీతో ఒకరిని ఎక్కువగా వేయమని ఇన్‌ఛార్జిని ముందే అడగండి. మీరే ఇన్‌ఛార్జి అయితే, మెమో అందుకుని తిరిగి వచ్చిన నర్సు అడగక ముందే ఆ తోడు మనిషి పేరు రోస్టర్‌లో రాసి పెట్టండి.